కంపదొడ్డికి ఛాయాచిత్రం ఎందుకు?

ఛాయాచిత్రకళ మన దేశంలో అడుగుపెట్టిన నాటినుండి దాని చూపు ఎత్తైన కట్టడాలమీదనే ఎక్కువగా నిలిచింది. కోటలు, గోపురాలు, మీనారులు, మహళ్ళు ఇవే చిత్రానికి తగిన వస్తువులని పెద్దలు భావించారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) పేరు వినగానే మనకు గుర్తుకు వచ్చేవి ప్రాసాదాలు, వేట శిబిరాలు, కొలువుకూటాలే. అవి అమూల్యమైన చిత్రాలనడంలో సందేహం లేదు. అయితే ఆ సంప్రదాయం నేటికీ మన చూపును శాసిస్తున్నది. కళాశాలల ఛాయాచిత్ర ప్రదర్శనలలో గోడకెక్కే చిత్రాలను గమనిస్తే ఈ సంగతి తెలుస్తుంది. బురుజు, మీనారు, ఆలయశిఖరం, అస్తమించే సూర్యుడు వరుసగా కనిపిస్తాయి. పల్లె కనిపించినా అది సంధ్యారాగం ముందు నల్లని నీడగా నడిచిపోయే గొర్రెలకాపరి రూపంలోనే కనిపిస్తుంది. ఆ కాపరి ఎక్కడికి పోతున్నాడు? ఆ రాత్రి అతని మంద ఎక్కడ పడుకొంటుంది? ఆ చోటును ఎవరు, దేనితో, ఏ ఆలోచనతో కట్టారు? ఈ ప్రశ్నలకు ఆ చిత్రం సమాధానం చెప్పదు.

ఈ వ్యాసంలో మేము విన్నవించదలచినది ఒక్కటే. మన కరువుసీమలో కాపరులు, రైతులు తమ చేతులతో కట్టుకొన్న దొడ్లు, కొట్టాలు, పిల్లల గూళ్ళు చిత్రానికి అర్హమైనవి. వాటిని సక్రమంగా చిత్రించి భద్రపరచడం మన కళాశాల చేయదగిన పని, చేయవలసిన పని. అయితే ఆ పని అందంకోసం కాక సాక్ష్యంకోసం జరగాలి. ఈ రెంటికీ గల భేదాన్ని విద్యార్థి మిత్రులు, కళాశాల కమిటీ పెద్దలు ఆలోచించవలెనని మా మనవి.

ముందు ఈ సీమ స్వభావాన్ని స్మరించుకొందాం. అనంతపురం ప్రాంతం పడమటి కనుమల చాటున ఉండటంవల్ల నైరుతి ఋతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. సముద్రానికి దూరం కావడంవల్ల ఈశాన్య ఋతుపవనాలు కూడ అంతంతమాత్రమే. సంవత్సరానికి సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటుఇటు మాత్రమే. 2022లో ఆ జిల్లా రెండై శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది గాని, ఆకాశం మాత్రం విడిపోలేదు. గరుసు నేలలు, గుండ్ల గుట్టలు, వాటి నడుమ తుమ్మ, రేగు, తంగేడు పొదలు – కర్నూలు పడమటి తాలూకాలనుండి కదిరి వరకు ఇదే దృశ్యం.

ఇటువంటి నేలమీద పైరు ఎండినా బ్రతకగలిగేది గొర్రె, మేక. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షల గొర్రెలు ఉన్నవి. దేశమంతటా ఉన్నవి సుమారు 7 కోట్ల 42 లక్షలు. అంటే దేశంలోని గొర్రెలలో దాదాపు సగం మన రెండు రాష్ట్రాలలోనే ఉన్నవన్నమాట. ఇన్ని కోట్ల జీవాలు ప్రతి సాయంకాలం ఎక్కడో ఒకచోట మళ్ళించబడి, లెక్కించబడి, తోడేలు బారినుండి, దొంగ బారినుండి కాపాడబడుతున్నవి. ఆ 'ఎక్కడో ఒకచోట' అన్నదానికి మన గ్రంథాలయాలలో బొమ్మ లేదు, కొలత లేదు, వర్ణన లేదు.

ఆ చోట్లు ఎటువంటివో కొంత వివరించడం అవసరం. అన్నిటికంటె సామాన్యమైనది కంపదొడ్డి. తుమ్మ, రేగు, సర్కారు తుమ్మ కొమ్మలను నరికి, మొదళ్ళు లోపలికి, ముళ్ళ కొనలు వెలుపలికి ఉండేటట్లు వలయాకారంగా పేరుస్తారు. దారివద్ద ఒక పెద్ద కంపకు తాడు కట్టి ఉంచుతారు. మంద లోపలికి పోయిన తరువాత దానిని లాగితే తలుపు పడినట్లే. మేకు లేదు, సున్నం లేదు, కూలి ఖర్చు లేదు.

దొడ్డి వలయంగానే ఎందుకుండాలి? మన గణితశాస్త్ర విద్యార్థులు దీనికి సమాధానం చెప్పగలరు. 44 మీటర్ల కంచెతో చతురస్రం కడితే లోపల 121 చదరపు మీటర్ల చోటు వస్తుంది. అదే కంచెతో వృత్తం కడితే 154 చదరపు మీటర్లు వస్తుంది. కంప నరకడం, మోయడం ఎంత కష్టమో చేతికి తెలిసినవాడు తక్కువ కంపతో ఎక్కువ చోటు చుట్టే ఆకారాన్నే ఎంచుకొన్నాడు. పైగా మూలలు లేని చోట బెదిరిన మంద ఒకదానిపై ఒకటి పడి నలిగిపోయే ప్రమాదం తక్కువ. పాఠ్యపుస్తకంలో మనం వ్రాసుకొన్న సూత్రాన్ని అక్షరం రాని కాపరి నేలమీద గీసి చూపిస్తున్నాడు.

ఈ కంప కథ కూడ గమనింపదగినది. సర్కారు తుమ్మ మన నేల చెట్టు కాదు. అమెరికా ఖండంనుండి వచ్చిన ఈ మొక్కను 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంవద్ద నాటినట్లు అటవీ చరిత్ర చెబుతున్నది. ప్రభుత్వం తెచ్చిన చెట్టు గనుక అది 'సర్కారు' తుమ్మ అయింది. వంటచెరకుకోసం వచ్చిన పరాయి చెట్టు చేలను ఆక్రమించి రైతును బాధించింది. ఆ బాధనే కాపరి కంచెగా మలచుకొన్నాడు. ఒక దొడ్డి చిత్రంలోని ఒక్క ముళ్ళకొమ్మకు ఇంత చరిత్ర ఉన్నది.

గుట్టల దాపున రాతిదొడ్లు కనిపిస్తాయి. మట్టి గాని, సున్నం గాని లేకుండ పెద్దరాళ్ళు అడుగున, చిన్నరాళ్ళు పైన, సందులలో చిల్లరాళ్ళు బిగించి పేర్చిన గోడలవి. గోడమీద కంప వేసి, అది గాలికి పోకుండ మళ్ళీ రాళ్ళు ఎత్తుతారు. ఎక్కడైనా పెద్ద గుండు ఉంటే దానినే ఒక వైపు గోడగా చేసుకొంటారు. బేతంచెర్ల, తాడిపత్రి వైపు పోతే నాపరాళ్ళు దొరుకుతాయి. అక్కడ బండలను నిలువుగా నేలలో పాతి, ఒకదాని ప్రక్క ఒకటిగా చేర్చి కంచె కడతారు. నేల ఏది ఇస్తే దొడ్డి దానితోనే పుడుతుంది. ఒక ఊరి దొడ్డిని చూచి ఆ ఊరి భూగర్భశాస్త్రం చెప్పవచ్చును.

దొడ్డిలో ఒక ప్రక్కన పిల్లల గూడు ఉంటుంది. తల్లులు మేతకు పోయినప్పుడు, రాత్రి మంద కిక్కిరిసినప్పుడు లేత పిల్లలు తొక్కుడుపడకుండ జొన్నచొప్పతోనో, ఈతమట్టలతోనో కప్పిన చిన్న గూడు అది. మనిషి మోకాళ్ళమీద వంగితే గాని దానిలోనికి చూడలేడు. కొందరు అల్లిన పెద్దగంపను బోర్లించి దానిక్రిందనే ఒకటి రెండు రోజుల పిల్లలను దాస్తారు. ఇక వలస మందల సంగతి వేరు. మేతకోసం ఊళ్ళు దాటి పోయే కాపరులు కర్రలు, వల మోసుకొనిపోతారు. రైతు తన చేనిలో మంద పెట్టించుకొంటాడు. నేలకు ఎరువు దక్కుతుంది, కాపరికి గింజలో రూకలో దక్కుతాయి. చేనంతా సమంగా ఎరువు పడటానికి ఆ వలదొడ్డి చోటు మారుతూ పోతుంది. ఇల్లు కదలడం మనం కథలలో విన్నాం. ఇక్కడ అది వ్యవసాయ పద్ధతి.

ఇంత సామాన్యమైన వస్తువుకు చరిత్ర ఏమున్నదని ఎవరైన అడుగవచ్చును. దానికి సమాధానం పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు చెప్పింది. దక్కనులో పలుచోట్ల పెద్దపెద్ద బూడిద దిబ్బలు ఉన్నవి. అనంతపురం జిల్లా పాలవాయిలోను అటువంటి దిబ్బ ఉన్నది. అవి రాక్షసుల చితాభస్మమని కొన్నిచోట్ల, యజ్ఞవాటికల బూడిద అని కొన్నిచోట్ల జనం చెప్పుకొన్నారు. 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ అనే పురాతత్త్వవేత్త ఉట్నూరు దిబ్బను త్రవ్వించాడు. బూడిద పొరల నడుమ దుంగలు పాతిన గుంతలు వరుసలుగా బయటపడ్డాయి. పశువుల గిట్టల ముద్రలు కూడ చెక్కుచెదరకుండ కనిపించాయి. అది చితి కాదు, యజ్ఞశాల కాదు. నాలుగువేల ఏళ్ళకు పైబడిన నవీన శిలాయుగపు పశువుల దొడ్డి. పేడ పేరుకొని, కాలి, మళ్ళీ కట్టబడి, మళ్ళీ కాలిన దొడ్డి. ఆల్చిన్ తన పరిశోధనను 1963లో దక్కను పశుపాలకులపై ఒక గ్రంథంగా ప్రకటించాడు.

ఇందులో మనం గ్రహించవలసిన విషయం ఒకటి ఉన్నది. మన ప్రాంతంలో మనిషి స్థిరంగా బ్రతకడం మొదలుపెట్టిన నాటి అతి పురాతన కట్టడాలలో ఒకటి దొడ్డి. అది గుడికంటె, కోటకంటె, మసీదుకంటె ముందుది. అయినా అది మనకు దక్కింది కాలిపోయినందువల్ల మాత్రమే. కాలని దొడ్లన్నీ చెదపట్టి, మట్టిలో కలిసిపోయి, జాడ లేకుండ పోయినవి. నేటి కంపదొడ్డి గతి కూడ అదే. నాలుగేళ్ళు కాపరి ఆ చోటు విడిచిపెడితే అక్కడ దొడ్డి ఉండేదని చెప్పడానికి నల్లబడిన నేల తప్ప మరేమీ మిగలదు. ఉట్నూరులో దుంగల గుంతలు దొరికాయి గాని, ఆ దొడ్డి దారిని ఆ మనుషులు ఏమని పిలిచారో, పిల్లలను ఏ మూల కట్టివేశారో ఏ పురాతత్త్వవేత్తా చెప్పలేడు. నేటి దొడ్డి విషయంలో అడిగితే చెప్పేవారు ఇంకా ఉన్నారు. వారి మాట వినగలిగే కాలంలో మనం ఉన్నాం. ఈ అవకాశం ప్రతి తరానికీ ఉండదు.

ఇక ఆక్షేపణలకు వద్దాం. మొదటిది: పేదవాని గుడిసెను, అతని కంపదొడ్డిని చిత్రం తీసి గోడకు తగిలించడం అతని లేమిని వేడుకగా చూపడం కాదా? ఇది తేలికగా త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. మన సీమలోనే దీనికి చేదు నిదర్శనం ఉన్నది. 1876–78 మధ్య వచ్చిన మహాకరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. ఆనాడు మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న డబ్ల్యు. డబ్ల్యు. హూపర్ ఎముకలు తేలిన మనుషులను గుంపులుగా కూర్చుండబెట్టి చిత్రాలు తీశాడు. చిత్రం తీయడమేగాని ఆ అభాగ్యులకు సాయపడలేదన్న విమర్శను మూటగట్టుకొన్నాడు. ఆ చిత్రాలు కరువుకు తిరుగులేని సాక్ష్యాలే. కాని వాటిలోని ముఖాలు మాత్రమే మనకు మిగిలినవి, పేర్లు మిగలలేదు. వారు ఏ ఊరివారో, ఏమి పండించేవారో, ఏ పశువులను కాచేవారో ఆ కాగితం చెప్పదు.

కనుక తప్పు చిత్రం తీయడంలో లేదు. ఎదుటి మనిషిని అతని ఆకలితోనే చూచి, అతని నేర్పును చూడకపోవడంలో ఉన్నది. దొడ్డి లేమికి గుర్తు మాత్రమే కాదు. అది లెక్క, నేర్పు, అనుభవం కలిసి కట్టిన కట్టడం. దానిని కట్టినవానిని శిల్పిగా గౌరవించి, అతని అనుమతితో, అతని మాటతో తీసిన చిత్రం అతనిని చిన్నబుచ్చదు. సంధ్యాకాంతిలో నల్లని నీడగా అతనిని మార్చివేసే చిత్రమే, ఎంత అందమైనదైనా, అతనిని చిన్నబుచ్చుతుంది.

రెండవ ఆక్షేపణ: ఇవన్నీ పోవలసినవే గదా, రేకుల షెడ్లు వస్తున్నవి, ఇనుప జాలీలు, నైలాను వలలు వచ్చినవి, ఇంకా కంపను పట్టుకొని వేలాడటం ఎందుకు? కాపరి మంచి షెడ్డు కోరితే అతనికి అది దక్కవలసిందే. వానకాలంలో మంద తడిసి, బురదలో నిలిచి, గిట్టలు పుండ్లుపడి, నీలినాలుక రోగం పాలయ్యే కష్టం మనకు తెలియనిది కాదు. ఆ కష్టాన్ని పొగిడి పాటలు కట్టడం మా ఉద్దేశం కాదు. అయితే షెడ్డు నమూనా గీసేవారు దొడ్డిని చూచి గీస్తే మేలు. రేకుల కప్పుక్రింద మన ఎండకాలపు మధ్యాహ్నం ఎట్లుంటుందో ఎవరికి తెలియదు? మందకు పైకప్పు ఎంత అవసరమో, పొడినేల, గాలి కూడ అంత అవసరం. అందుకే కాపరి దొడ్డికి ఏటవాలు నేలను, రాతి పరుపును ఎంచుకొంటాడు. వాన నీరు, మూత్రం నిలువక జారిపోతాయి. ఆ ఎంపిక ఏ పటంలోనూ లేదు. చిత్రంలో ఉండగలదు.

మూడవ సంగతి ఆక్షేపణ కాదు, హెచ్చరిక. దొడ్లలో అనేకం పట్టాభూములలో ఉండవు. గుట్ట పోరంబోకులో, బంజరులో, అడవి అంచున ఉంటాయి. రెవెన్యూ కాగితంలో ఆ చోటు ఖాళీ. కాగితంలో ఖాళీగా ఉన్న నేలకు కొత్త ఉపయోగాలు త్వరగా దొరుకుతాయి. గనులు, గాలిమరలు, సౌర ఫలకాలు మన సీమ రూపాన్ని మార్చివేస్తున్నవి. గని, శకునాల గ్రామాలవద్ద 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు 2017లో పూర్తయింది. దాని విస్తీర్ణం దాదాపు 6,000 ఎకరాలు. విద్యుత్తు దేశానికి అవసరం, దానిని కాదనము. కాని ఎక్కడైనా నేల చేతులు మారినప్పుడు 'ఇక్కడ మా తాత మంద తోలేవాడు' అని చెప్పేవాని వద్ద చూపడానికి ఏమున్నది?

అడవి భూముల విషయంలో చట్టం ఒక ద్వారం తెరచింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మేత హక్కును సామూహిక హక్కులలో చేర్చింది. ఆ చట్టం క్రింద 2008లో వెలువడిన నియమాలు సంప్రదాయ మేతభూములను, స్థానిక సమాజం కట్టిన నిర్మాణాల అవశేషాలను కూడ సాక్ష్యాలుగా పేర్కొన్నవి. అంటే ఒక పాత రాతిదొడ్డి గోడ హక్కుకు సాక్ష్యం కాగలదు. ఆ గోడ కూలిపోకముందు తేదీతో, కొలతతో, చెప్పినవారి మాటతో తీసిన చిత్రం ఆ సాక్ష్యానికి ఎంత బలమిస్తుందో న్యాయశాస్త్రం చదువదలచిన మన మిత్రులు ఊహించగలరు. అయితే ఇదే చిత్రం ఒక్కొక్కప్పుడు కాపరికి ఇబ్బంది కూడ తేవచ్చును. అడవిలో దొడ్డి కట్టావని అధికారి నిలదీయవచ్చును, దొంగకు దారి తెలియవచ్చును. కాబట్టి చోటు పేరు బయటపెట్టవలెనా వద్దా అన్నది దొడ్డి యజమాని నిర్ణయమే కావలెను, మనది కాదు.

ఇక ఎట్లు తీయాలన్న ప్రశ్న మిగిలింది. ఇందుకు ఒక మంచి మాదిరి జర్మనీలో ఉన్నది. బెర్న్‌డ్ బెకర్, హిల్లా బెకర్ అనే దంపతులు దశాబ్దాలపాటు పాత కర్మాగారాల కట్టడాలను చిత్రించారు. నీటి ట్యాంకులు, కొలుములు, గనుల బావులపై నిలిచే ఇనుప గోపురాలు వారి వస్తువులు. మబ్బు పట్టిన వెలుతురులో, నీడలు పడకుండ, ఎదురుగా నిలిచి, అన్నిటినీ ఒకే తీరున తీసి, ఒకే జాతి కట్టడాలను వరుసలుగా ప్రక్కప్రక్కన అమర్చారు. అట్లు అమర్చినప్పుడు ఏది ఉమ్మడి, ఏది ప్రత్యేకం అన్నది కంటికి తెలిసిపోతుంది. 1970లో వారి గ్రంథం వెలువడింది. ఎవరూ కళ అనుకోని ఇనుప కట్టడాల చిత్రాలకు 1990 వెనిస్ ప్రదర్శనలో శిల్పవిభాగపు బహుమతి లభించడం గమనార్హం. ఇరవై కంపదొడ్లను, ఇరవై రాతిదొడ్లను అదే తీరున అమర్చి చూస్తే మన సీమ నేర్పు ఎంత వైవిధ్యం గలదో తెలిసివస్తుంది.

నమోదు చేయడంవల్ల ఏమి ప్రయోజనమో ఇంగ్లండునుండి మరొక నిదర్శనం తీసుకోవచ్చును. ఆ దేశపు ఉత్తరభాగాన కంబ్రియా కొండలలో రాతితో కట్టిన గొర్రెల దొడ్లు శిథిలమై పడి ఉండేవి. 1996లో ఆండీ గోల్డ్స్‌వర్తీ అనే శిల్పి వాటిని తిరిగి నిలబెట్టే పని ఆరంభించాడు. ఎక్కడ దొడ్డి ఉండేదో తెలుసుకోవడానికి పాత పటాలు అతనికి తోడ్పడ్డాయి. ఆ పటాలు గీసినవారు కోటతో పాటు గొర్రెల దొడ్డిని కూడ గుర్తించదగినదిగా భావించారు. మన పటాలలో ఆ గుర్తు లేదు. ఆ లోపాన్ని మన విద్యార్థులు కొంతవరకైనా తీర్చగలరు.

కళాశాల కమిటీ ముందు మేము ఉంచే సూచనలు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. నేడు దాదాపు ప్రతి విద్యార్థి చేతిలోను కెమెరా గల ఫోను ఉన్నది. మన విద్యార్థులలో అనేకులు ఇటువంటి గ్రామాలనుండి వచ్చినవారే. వేసవి సెలవులలో ఒక్కొక్కరు తమ ఊరిలోని ఒక్క దొడ్డిని చిత్రించి తెస్తే చాలును. పద్ధతి ఒకటే ఉండవలెను. ఉదయం మంద బయలుదేరకముందు ఒక చిత్రం, మంద పోయిన తరువాత ఖాళీ దొడ్డిది ఒకటి, దారిది ఒకటి, పిల్లల గూటిది ఒకటి తీయాలి. ప్రక్కన మీటరు గుర్తులు వేసిన కర్రను నిలిపితే కొలత తెలుస్తుంది. అడ్డుకొలత అడుగులతోనైనా కొలిచి వ్రాయాలి. ఏ కంప, ఏ రాయి, ఎక్కడినుండి తెచ్చారు, ఎన్ని రోజులు పట్టింది, ఎన్నేళ్ళకొకసారి మార్చుతారు అన్నవి అడిగి వ్రాయాలి. కట్టినవారు సమ్మతిస్తే వారి పేరు చిత్రంక్రింద పెట్టాలి. సమ్మతించకపోతే చిత్రం తీయకుండ నమస్కరించి వచ్చేయాలి. తీసిన చిత్రపు ప్రతిని కాగితంమీద అచ్చు వేయించి ముందుగా ఆ ఇంటికి ఇవ్వాలి.

కాగితం మాట ఎందుకంటె, ఫోనులోని చిత్రం ఫోనుతోనే పోతుంది. మన పుట్టినరోజు చిత్రాలే మూడేళ్ళకు దొరకడం లేదు. అచ్చువేసిన చిత్రాలను ఒక ఆల్బముగా కుట్టించి గ్రంథాలయంలో ఉంచితే, ఏటేటా దానికి పుటలు చేర్చితే, పదేళ్ళలో అది పరిశోధకులు వెదకుకొంటూ వచ్చే సంపద అవుతుంది. ఈ వార్షిక సంచికలో ఏటా రెండు పుటలు దానికి కేటాయించమని సంపాదకవర్గాన్ని కూడ అభ్యర్థిస్తున్నాం.

మన కళాశాలకు ఇందులో మరొక ప్రత్యేకమైన అనుకూలత ఉన్నది. చిత్రం క్రింది వ్యాఖ్య తెలుగు లిపిలోను, ఉర్దూ లిపిలోను ఉండవచ్చును. తెలుగువారి దొడ్డి ఉర్దూవారికి బాడా. ఇది మాటల పట్టిక పెంచడంకోసం చెప్పడం లేదు. ఈ దొడ్డిలో పెరిగిన జీవం వారపు సంతకు పోతుంది, అక్కడ బేరం కుదురుతుంది, బక్రీదు ముందు మరింత గిరాకీ అవుతుంది. పెంచిన ఇల్లు ఒకటి, కొన్న ఇల్లు మరొకటి. ఆ రెండు ఇండ్ల బిడ్డలు మన తరగతిలో ఒకే బల్లమీద కూర్చుండి చదువుకొంటున్నారు. ఒకరికి దొడ్డి లోపలి సంగతులు తెలుసు. మరొకరికి జీవాన్ని పండ్లు చూచి, వీపు తడిమి వయస్సు, బరువు అంచనా కట్టడం తెలుసు. ఈ రెండు జ్ఞానాలు ఒకే పుటమీద రెండు లిపులలో కలవడం మరే కళాశాల సంచికలోనైనా సులభం కాదు. మనకు అది సహజం.

చదువుకొన్నవాడు పల్లెకు తిరిగిపోయినప్పుడు తండ్రి కట్టిన దొడ్డిని చూచి సిగ్గుపడటం మన తరంలో సామాన్యమైంది. పట్నపు మిత్రుడు వెంట వస్తే దొడ్డి వైపు తీసుకొనిపోక, ఊరి బయటి గుడినో, దర్గానో చూపించి పంపుతాం. విద్య మనకు నేర్పవలసినది ఇది కాదు. తండ్రి చేతిపనిలోని లెక్కను గుర్తుపట్టగలగడం విద్యకు మొదటి ఫలం అని మా అభిప్రాయం. అందుకు కెమెరా ఒక సాధనం మాత్రమే. అది మనను దొడ్డివద్ద ఒక గంటసేపు నిలబెడుతుంది. మోకాళ్ళమీద వంగి పిల్లల గూటిలోనికి చూడమంటుంది. 'నాయనా, ఈ కంపను ఈ వైపే ఎందుకు తిప్పావు?' అని అడగమంటుంది. ఆ ప్రశ్నకు తండ్రి చెప్పే సమాధానం వ్రాసుకొన్నవాడు తన పుస్తకాలలో లేని ఒక పాఠం చదువుకొన్నట్లే.

రానున్న వేసవి సెలవులనుండే ఈ పని ఆరంభం కావలెనని మేము కోరుతున్నాం. మొదటి ఏడు పది చిత్రాలే రావచ్చును. అవి మసకగా ఉండవచ్చును, కొలతలు ఒకటి రెండు తప్పవచ్చును. ఫరవాలేదు, మరుసటి ఏడు దిద్దుకోవచ్చును. కాని కూలిన దొడ్డిని మరుసటి ఏడు చిత్రించలేము. కమిటీ పెద్దలు ఒక ఆల్బము, ఒక అలమార, కొంత అచ్చుఖర్చు మంజూరు చేస్తే, తక్కిన శ్రమ విద్యార్థులు భరించగలరు. దొడ్డివద్దకు దారి మనవారికి తెలిసినదే.